పాద్రీ డైరీ చదివిన మధ్యాహ్నాలు

న్యూకాసిల్లో నా పని ఇళ్లకు వెళ్లి వయసు మళ్లినవాళ్లను చూసుకోవడం. ఎవరింటికి ఎన్నింటికి వెళ్లాలో, ఎంతసేపు ఉండాలో పొద్దున్నే ఫోన్‌లో రోటా వస్తుంది. దాదాపు ఏడాదిన్నరపాటు ఆ రోటాలో మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒకే ఇల్లు ఉండేది. మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే సముద్రానికి ఎదురుగా మూడంతస్తుల భవనం, పై అంతస్తులో ఫ్లాట్. అందులో ఎనభై ఆరేళ్ల ఆవిడ ఒక్కరే ఉండేవారు. బొగ్గుగని కార్మికుడి కూతురు. స్పానిష్ చదువుకుని, బతుకంతా ఆ భాష పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. కంటిచూపు నడిమధ్యలో మసకబారి, అంచుల్లో మాత్రం మిగిలింది. అందుకని నా మొహం చూడాలంటే కొంచెం పక్కకి, కిటికీ వైపు తిరిగేవారు. మొదట్లో నాతో కాక సముద్రంతో మాట్లాడుతున్నారేమో అనిపించేది.

నేను సూప్ వేడిచేసి, రొట్టె కాల్చి, మాత్రలిచ్చి, కళ్లల్లో చుక్కలు వేసి రావాలి. మొదటి వారంలోనే ఒకరోజు చుక్కలు వేశాక కళ్లు మూసుకునే, "పెట్, నీకు చదవడమంటే ఇష్టమేనా?" అని అడిగారు. పెట్ అనేది ఇక్కడివాళ్లు ముద్దుగా పిలిచే పిలుపు. బస్సు డ్రైవరూ అంటాడు, కూరగాయల కొట్టావిడా అంటుంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం నాకు తెలుగులోనే వినిపిస్తుంది.

"ఇష్టమేనండి, కానీ టైముండాలి కదా" అన్నాను.

"పది నిమిషాలు చాలు. బల్ల మీద నీలం ఫైలుంది. ఎక్కడైనా తెరిచి ఒక పేజీ చదువు. చెవులింకా నా మాట వింటున్నాయి."

తెరిచాను. టైపు చేసిన కాగితాలు, అంచుల్లో పెన్సిల్ రాతలు. మొదటి వాక్యంలోనే, ఇండియన్లు చేపలు తెచ్చి మా ముందు పెట్టారు అని ఉంది. నేను ఆగిపోయాను. ఆవిడ నవ్వారు. "మీవాళ్లు కాదులే. కాలిఫోర్నియా వాళ్లు. దారి తప్పినవాళ్లు పెట్టిన పేరు అది. కానివ్వు."

అది ఒక స్పెయిన్ పాద్రీ డైరీ. రెండున్నర శతాబ్దాల కిందట, స్పెయిన్ రాజు కోసం కొత్త నేల వెతుకుతూ ఒక దండు కాలిఫోర్నియా తీరం వెంట ఉత్తరానికి నడిచింది. దానితో ఈ పాద్రీ నడిచాడు. తోలు కోట్లు తొడుక్కున్న సైనికులు, బారులు తీరిన కంచరగాడిదలు, వాటికంటే ముందు గొడ్డళ్లతో, పారలతో దారి చేస్తూ దక్షిణాన ఉన్న మిషన్ల నుంచి తెచ్చిన ఇండియన్లు. దారి చేసినవాళ్ల పేరు ఒక్కటీ డైరీలో లేదు. గాడిద కొండచరియ మీద నుంచి జారితే మాత్రం, ఏ పూట జారిందో, వీపు మీద ఏ సామానుందో అంతా ఉంది.

ఆవిడ ఆ డైరీని ఇంగ్లీషులో పెట్టడం ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టారట. ఎప్పుడో పూర్తయింది. అచ్చుకి మాత్రం ఇవ్వలేదు. "ఒక మాట దగ్గర ఆగిపోయాను" అనేవారు. ఏ మాటో చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలా రోజుకో పేజీ. గురువారం నాకు డ్యూటీ ఉండదు. ఆఫీసులో అడిగితే, నీ సొంత టైము నీ ఇష్టం అన్నారు. దాంతో గురువారాలు గంట, గంటన్నర చదివేదాన్ని. డైరీలో ప్రతి రోజూ ఒకేలా నడిచేది. ఇవాళ ఇన్ని కోసులు నడిచాం. వాగు దొరికింది. గాడిదలకు గడ్డి ఉంది. ఒక ఊరు కనిపించింది. ఊరివాళ్లు విల్లులు కింద పెట్టి ఎదురొచ్చారు. వాళ్ల పెద్ద చాలాసేపు మాట్లాడాడు, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా మేం వచ్చినందుకు సంతోషిస్తున్నాడని తెలిసింది. గింజలు, వేయించిన పిండి, చేపలు ఇచ్చారు. మేం పూసలిచ్చాం. ఇవాళ ఏ పునీతుడి పండగో ఆయన పేరు ఈ చోటికి పెట్టాం.

ఇంగ్లీషులో ఉన్న లీగును నేను మనసులో కోసు చేసుకునేదాన్ని. చదువుతూ చదువుతూ ఉంటే కాసేపటికి గొంతు నాది కాకుండా పోయేది. ఇక్కడ ఎండాకాలంలో కూడా ఉన్నట్టుండి సముద్రం మీద నుంచి మంచు లేచి వస్తుంది. ముందు లైట్‌హౌస్ పోతుంది, తర్వాత రోడ్డు, తర్వాత కిటికీ కింద ఆగిన కార్లు. తెల్లటి అద్దం ఒక్కటే మిగులుతుంది. ఆ అద్దం అవతల గాడిదల మెడలో గంటలు కదులుతున్నట్టు, తడిసిన తోలు వాసన వస్తున్నట్టు ఉండేది. సూప్ చల్లారిపోయేది. ఆవిడ కళ్లు మూసుకుని, వేళ్లతో కుర్చీ చేతి మీద అడుగులేసినట్టు కొట్టేవారు. ఒక్కోసారి మేమిద్దరం ఏ తీరాన ఉన్నామో నాకు నిజంగా తెలిసేది కాదు. మా నరసాపురం దగ్గర గోదారి సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు కూడా ఆ మంచులోంచి తేలి వచ్చేవి. డైరీలో వాళ్లు వాగు దాటితే, మా నాన్న పంచె ఎగ్గట్టుకుని దాటినట్టు కనపడేది.

రెండు పేజీలు మాత్రం నన్ను ఆ మగతలోంచి లేపాయి.

ఒక దాంట్లో పాద్రీ విసుక్కుంటాడు. మైళ్ల కొద్దీ గడ్డి కాలిపోయి ఉంది, ఈ అమాయకులు తగలబెట్టారు, మా గాడిదలు ఏం తినాలి అని. మా ఊళ్లో కోతలయ్యాక గడ్డిదుబ్బు కాల్చడం చూసినదాన్ని కదా, "వాళ్లు ఊరికే కాల్చి ఉండరండి" అన్నాను. కుర్చీ చేతి మీద ఆవిడ వేళ్లు ఆగాయి. "ముప్పై ఏళ్లలో నాకు ఆ ప్రశ్న రాలేదు పెట్" అన్నారు.

రెండో పేజీలో ఒక ఊళ్లో ఇద్దరు పసిపిల్లలు జబ్బుతో ఉంటారు. పాద్రీ నీళ్లు చల్లి బాప్తిస్మమిచ్చి ఇద్దరికీ పేర్లు పెడతాడు. ఆ కొత్త పేర్లు రాసుకున్నాడు. అమ్మలు పిలుచుకున్న పేర్లు రాసుకోలేదు. నేను క్రైస్తవురాలిని. ఆదివారం చర్చికి వెళ్లకపోతే నాకు వారం మొదలవదు. అయినా ఆ పూట ఇంక చదవలేకపోయాను.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. తను పదో ఏడు దాటినప్పటి నుంచి తెలుగు వింటుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. "మా తాతకి కూడా చిన్నప్పుడు అట్లాగే పేరు మార్చారు" అన్నాను. "సో వాట్ వజ్ హిజ్ రియల్ నేమ్, మమ్?" అంది. నాకు తెలియదు. నలభై మూడేళ్లొచ్చాక, మా తాత అసలు పేరు తెలియదన్న సంగతి అప్పుడు తెలిసింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే పాలకొల్లులో మా మేనత్తకి ఫోన్ చేశాను. మా తాతకి ఆవిడే పెద్దకూతురు.

"అత్తా, తాతకి మిషన్ దొరగారు పేరు పెట్టకముందు ఏం పేరుండేది?"

"ఆ పేరు నీకెందుకే ఇప్పుడు? బాగానే ఉన్నావా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాను. ఊరికే అడుగుతున్నా."

అవతల కుక్కర్ కూతలు వినిపించాయి. అత్త గొంతు తగ్గించి ఆ పేరు చెప్పింది. చిన్న పేరు. "మా నాయనమ్మ కోపమొస్తే ఆ పేరెట్టి పిలిచేది. మా నాన్నకి నచ్చేది కాదు" అంది.

"ఎందుకు నచ్చేది కాదు? తన పేరే కదా?"

"ఏమే, నువ్వా దేశం వెళ్లి మరీ చిన్నపిల్లవైపోయావు. ఆ పేరుతో ఊళ్లో ఒక్కరన్నా మర్యాదగా పిలిచారా? ఒరేయ్ అనేవారు, పేరు చివర ఓ గాడు తగిలించేవారు. దొరగారు పెట్టిన పేరు వెనకాలే మొదటిసారి గారు అని వచ్చింది. ఆ పేరుతోనే బళ్లో చేరాడు, చెప్పులేసుకున్నాడు, టీచరయ్యాడు. నువ్వు పాత పేరు తవ్వి తీసి ఏం చేస్తావు?"

ఆ పేరు మా అమ్మాయికి చెప్పాను. ఇక్కడ రాయను. గురువారం వెళ్లినప్పుడు అత్త మాటలన్నీ ఆవిడకు చెప్పాను. నా వైపు చూడడానికి కిటికీ వైపు తిరిగి, "అయితే మీ తాతగారిని అడిగి పెట్టారా?" అన్నారు.

"మా ముత్తాత ఇంటిల్లిపాదినీ తీసుకుని తనే వెళ్లాడట. మైలు దూరం నడిచి."

"నడిచి వెళ్లడం వేరు" అన్నారు. అంతే. ఆ రోజు ఫైలు తెరవమనలేదు.

సెప్టెంబరులో ఒక ఉత్తరం వచ్చింది. చదివి వినిపించింది నేనే. ఆ డైరీలో ఉన్న తీరం నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఇంగ్లండ్ వస్తున్నారు. వాళ్ల పూర్వీకులు అల్లిన బుట్ట ఒకటి ఇక్కడ ఒక మ్యూజియంలో ఉంది, దాన్ని చూడడానికి. మీ దగ్గర డైరీ అనువాదముందని మ్యూజియంవాళ్ల ద్వారా విన్నాం, రైల్లో వచ్చి మిమ్మల్ని కలవచ్చా అని అడిగారు. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. సంతోషిస్తారనుకున్నాను. మొహం పాలిపోయింది.

"పెట్, ఆకుపచ్చ కాగితం గుర్తుపెట్టిన పేజీ తియ్యి."

తీశాను. దండుకు దారి తెలియక రెండు రోజులు కొండల్లో తిరుగుతారు. అప్పుడు ఒక ఊరి మనిషి మాతో వచ్చి దారి చూపాడు అని ఉంది. రెండు రోజుల తర్వాత అతను కనిపించకుండా పోయాడు, మా ఔదార్యం మరిచి పారిపోయాడు అని పాద్రీ బాధపడతాడు.

"మాతో వచ్చాడు అని రాశానా?"

"అవునండి."

"స్పానిష్‌లో అలా లేదు. సైనికులు పట్టుకొచ్చారు అని ఉంది. తాడు మాట కూడా ఉంది. నేను దాన్ని మెత్తగా చేశాను. అప్పుడు నా వయసు యాభై అయిదు. ఆ పాద్రీ అంటే నాకు ఇష్టంగా ఉండేది. అంత చక్కగా పువ్వుల గురించి రాసేవాడు, అలాంటివాడు తాడు కట్టడం చూసి ఊరుకున్నాడంటే నాకు మింగుడు పడలేదు. ఇదిగో, ఆ మాట దగ్గరే ఆగిపోయాను."

పెన్ను తీసుకోమన్నారు. మాతో వచ్చాడు అన్నదాన్ని కొట్టేసి, పైన పట్టుకొచ్చారు అని రాయించారు. తాడు కూడా రాయించారు. నా చేతిరాత ఆవిడకు కనిపించదు. అయినా కాగితం అందుకుని, సిరా తడి ఆరిందో లేదో వేలితో ముట్టి చూశారు.

వాళ్లు వచ్చింది శనివారం. నేను సెలవు పెట్టుకున్నాను. టీలోకి కేకు, శాండ్‌విచ్‌లు ఆవిడ చెప్పినట్టే సర్దాను. అంతదూరం నుంచి వచ్చేవాళ్లకు చల్లటి శాండ్‌విచ్‌లేంటని, ఇంటి దగ్గర నిమ్మకాయ పులిహోర చేసి డబ్బాలో తెచ్చాను. పెద్దావిడకు డెబ్బై ఉంటాయి. నెరిసిన జడ, మోకాళ్ల నొప్పి. మెట్లన్నీ ఎక్కి వచ్చి గుమ్మంలోనే ఊపిరి తీసుకుంటూ నిలబడ్డారు. ఆవిడ మేనకోడలు నా వయసుదే. స్కూల్లో వాళ్ల భాష నేర్పుతుందట. భాష దాదాపు పోయింది, పాత కాగితాల్లోంచి, ముసలివాళ్లు పాడిన పాటల్లోంచి ఒక్కో మాటే ఏరుకుంటున్నాం అని చెప్పింది.

బుట్ట చూశారా అని అడిగారు ఇంటావిడ.

"చూశాను. ముందు గ్లౌజులు ఇచ్చారు" అన్నారు పెద్దావిడ. "తర్వాత అక్కడి అమ్మాయి నా మొహం చూసి, తీసేసి ముట్టుకోండి అంది. దాని అడుగు ముట్టుకున్నాను. అల్లిక మొదలయ్యేది అడుగునే కదా. ఎడమచేతి వాటం మనిషి అల్లింది. నాదీ ఎడమచెయ్యే."

నాకు అప్పటిదాకా ఉన్న బెరుకు ఆ మాటతో పోయింది. పులిహోర వడ్డించాను. పెద్దావిడ రెండోసారి పెట్టించుకుని, ఈ పసుపు ఏంటి, ఈ ఆకేంటి అని అడిగారు. కరివేపాకు రెమ్మ తీసి వాసన చూసి, మేనకోడలికి ఇచ్చారు.

తిన్నాక ఇంటావిడ నెమ్మదిగా అన్నారు. "ఒక పేజీ చదివిస్తాను. మీరు వినాలి. వద్దంటే ఆపేస్తాను."

చదివాను. పట్టుకొచ్చారు అన్న మాటా, తాడు మాటా, ఏదీ వదల్లేదు. చదవడం అయ్యాక, ముప్పై ఏళ్లపాటు ఆ మాటను తను ఎలా రాసి ఉంచుకున్నదీ ఆవిడ దాచకుండా చెప్పారు. బయట మంచు దిగుతోంది. లైట్‌హౌస్ అప్పటికే లేదు.

పెద్దావిడ అన్నారు. "మా ఇంట్లో ఎప్పుడూ పట్టుకెళ్లారనే చెప్పుకున్నాం. రాసి ఉందని తెలియదు, అంతే. అతను తప్పించుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత అతనికి పిల్లలు పుట్టారు. మేం వాళ్ల తాలూకు వాళ్లం."

ఇంటావిడ చెయ్యి గాల్లోకి చాచి వెతికారు. పెద్దావిడ ఆ చెయ్యి పట్టుకున్నారు.

తర్వాత కాలిన గడ్డి సంగతి నేనే అడిగాను. పెద్దావిడ నవ్వారు. "కాలిస్తేనే కదా కొత్త చిగురు తిన్నగా లేస్తుంది. తిన్నని పుల్ల లేకపోతే బుట్ట ఎలా అల్లుతాం? జింకలు కూడా ఆ లేతగడ్డికే వస్తాయి. తర్వాత వచ్చినవాళ్లు కాల్చొద్దని చట్టం పెట్టారు. ఇప్పుడు మళ్లీ మమ్మల్నే పిలిచి నేర్పమంటున్నారు."

ఆ సాయంత్రం ఒక పని జరిగింది. మేనకోడలు ఫైలు ముందు పెట్టుకుని, పాద్రీ పెట్టిన పునీతుల పేర్లు ఒక్కొక్కటే చదివింది. ఎన్ని కోసులు నడిచారో, వాగు ఎటు పారిందో లెక్క చూసుకుని, ఇది ఫలానా చోటు కావచ్చు అని పెద్దావిడ తమ భాషలో పేరు చెప్పారు. కొన్నింటికి తల అడ్డంగా ఊపారు, తెలియదు అని. తెలిసిన పేరు వచ్చినప్పుడల్లా ఇంటావిడ ఆ మాటను నోట్లో పెట్టుకుని రెండు మూడుసార్లు పలికి చూసేవారు. గొంతులో ఒకచోట ఆగి మళ్లీ బయల్దేరే శబ్దం ఒకటుంది, అది ఆవిడకు పట్టుబడలేదు. పెద్దావిడ ఓపిగ్గా మళ్లీ మళ్లీ అన్నారు. మంచులో, లైటు వెయ్యని గదిలో, ఆ పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తూ ఉంటే, నాకు నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నట్టుంది. ఒక తీరం మొత్తం తన పేర్లు తను చెప్పుకుంటూ మా గదిలోంచి నడిచి వెళ్తున్నట్టుంది.

ఏడింటి రైలుకు వాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన పులిహోర మేనకోడలు డబ్బాతో సహా పట్టుకెళ్లింది.

నెలన్నరపాటు గురువారాలు మేం కొత్త ప్రతి తయారుచేశాం. నేను లాప్‌టాప్‌లో టైపు చేశాను. ప్రతి పునీతుడి పేరు కింద ఒక గీత ఖాళీ వదలమన్నారు. తెలిసినచోట పాత పేరు, తెలియనిచోట ఖాళీ. ముందుమాటలో తన తప్పు తనే రాయించారు. నాలుగు వాక్యాలే. అక్కడక్కడా నేను మర్యాద మాటలు చేర్చబోతే, వద్దు అన్నారు. నవంబరులో పోస్టాఫీసుకు వెళ్లి ఆ ఇద్దరికీ పంపించాను.

డిసెంబరులో ఆవిడ బాత్రూంలో పడి తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి నర్సింగ్ హోంకి మార్చారు. అక్కడి కిటికీలోంచి కార్‌పార్కు తప్ప ఏమీ కనిపించేది కాదు. రెండు బస్సులు మారి గురువారాలు వెళ్లేదాన్ని. జనవరిలో మేనకోడలి నుంచి మెయిల్ వచ్చింది. మీ కాగితాలు క్లాసులో అందరికీ ఇచ్చాను, ఖాళీల్లో మరో మూడు పేర్లు మా వాళ్లకు దొరికాయి అని రాసింది. ఆ మూడూ రాసి పంపింది. చదివాను. ఆవిడ కళ్లు తెరవలేదు. "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి చదివాను. మూడోసారి చదివేలోపు నిద్రపోయారు.

మార్చిలో పోయారు. అంత్యక్రియల్లో ఎవరు ఏం చదవాలో ముందే రాసిపెట్టి ఉంచారు. పాత విద్యార్థి ఒకాయన స్పానిష్‌లో నాలుగు మాటలు చెప్పాడు. కాగితంలో చివరి వరుసలో నా గురించి ఉంది, తన భాషలో తనకిష్టమైనది పాడాలి అని. నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కోటు గుండీలు పెట్టుకుని ముందుకు వెళ్లి, మా అత్త నేర్పిన పాట, ఊళ్లో సమాధుల దగ్గర పాడేది, మూడు చరణాలూ పాడాను. రెండో చరణంలో శ్రుతి తప్పింది, మళ్లీ అందుకున్నాను. బయటికి వస్తుంటే ఒక ముసలాయన టోపీ చేతిలో పట్టుకుని, "ఒక్క ముక్క అర్థం కాలేదు పెట్, కానీ బాగుంది" అన్నాడు. థాంక్స్ చెప్పాను. బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. సముద్రం దాకా నడిచి వెళ్లి, కాసేపు నిలబడి వచ్చాను.